నోరు తెరిచిన రోజు

ప్రియమైన బుజ్జీ,

నా చేతిరాత చూసి కంగారుపడకు. చెయ్యి బాగానే ఉంది. పడుకుని రాస్తున్నాను కాబట్టి అక్షరాలు కిందికి జారిపోతున్నాయి. విరిగింది దవడ. పై పళ్ళనీ కింది పళ్ళనీ కలిపి తీగలతో బిగించేశారు. ఆరు వారాల దాకా నోరు తెరవకూడదట. "మా ఇంట్లో ఇంత ప్రశాంతత ఎప్పుడూ లేదు" అని మీ బావ నన్ను నవ్వించబోయి, తనే కళ్ళు తుడుచుకున్నారు.

ఫోను కారులోనే నుజ్జయిపోయింది. కొత్తది కొంటానన్నారు గానీ, వేలితో పొడుస్తూ మాట్లాడటం నా వల్ల కాదు. కాగితం మీదైతే నీ మంచం పక్కన కూర్చున్నట్టు ఉంటుంది.

ఎలా జరిగిందని అడిగావట. స్టేషన్‌లో పొద్దుటి డ్యూటీ ముగించుకుని ఇంటికి వస్తున్నాను. మలుపు దగ్గర ఎదురుగా లారీ. దాన్ని దాటాలని దాని వెనకనుంచి ఒక కారు నా వైపుకి వచ్చేసింది. ఎటూ తిప్పే చోటు లేదు. అద్దంలోంచి అతని మొహం స్పష్టంగా కనిపించింది. ఇద్దరం ఒకేసారి "అయ్యో" అన్నట్టున్నాం. నేను ఆఖరుగా సరిగ్గా పలికిన మాట అదే. అతనికి కాలు విరిగిందట, బతికాడు.

నిన్న అతని ఇన్సూరెన్సు కంపెనీ మనిషి వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. బుట్ట నిండా ఆపిల్ పళ్ళు తెచ్చాడు, నోరు కుట్టేసిన మనిషికి! నర్సు నవ్వాపుకోలేక బయటికి పారిపోయింది. ఒక కాగితం ఇచ్చి, "సంతకం పెడితే వారంలో చెక్కు వస్తుందమ్మా, కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక మీకెక్కడిది" అన్నాడు. ఆసుపత్రి బిల్లు చూశాక మీ బావకి పెట్టేద్దామనే ఉంది. నాకూ అలాగే అనిపిస్తోంది.

నువ్వు మాత్రం మంచం దిగకు. కడుపులో ఉన్నది నీకంటే మొండిదని డాక్టరు చెప్పారటగా.

నీ మూగ అక్క

*

ప్రియమైన అక్కకి,

ఆ కాగితం మీద సంతకం పెట్టావో, నేను నిజంగానే మంచం దిగి రైలెక్కి వచ్చేస్తాను. ఆ తర్వాత ఏం జరిగినా నీదే పూచీ.

మా ఆఫీసులో ఒకావిడ ఇలాగే ఆదరాబాదరాగా సంతకం పెట్టింది. తర్వాత మోకాలికి రెండో ఆపరేషన్ అవసరమైంది. అడిగితే, "ఇక ఏమీ అడగనని మీరే రాసిచ్చారు కదా" అన్నారట. నీ దవడ ఎలా అతుకుతుందో డాక్టరుకే తెలియనప్పుడు, ఆ ఆపిళ్ళాయనకి ఎలా తెలిసింది?

పడుకుని పడుకుని నాకు పిచ్చెక్కుతోంది కాబట్టి నీ పని నెత్తినేసుకున్నాను. మీ ఊరి కోర్టు వెనకాల ఉచిత న్యాయ సహాయ కేంద్రం ఉంది. ఫోన్ చేశాను. ఒక లాయరమ్మ మాట్లాడారు. గొంతు గరుకుగా ఉంది గానీ, నేను చెప్పేదంతా మధ్యలో ఆపకుండా విన్నారు. మంగళవారం బావగారిని తీసుకుని వెళ్ళు. ఈ ఒక్కసారికి చిన్నదాన్ని చెప్పిన మాట విను. ఎలాగూ ఎదురు చెప్పలేవుగా!

నీ బుజ్జి

*

ప్రియమైన బుజ్జీ,

వెళ్ళాను. ఇరుకు గది. బల్ల మీద ఫైళ్ళ మధ్య సగం తాగిన టీ గ్లాసు. లాయరమ్మకి అరవై ఏళ్ళుంటాయి. నేను పలక మీద ఒక్కో ముక్కా రాసి చూపిస్తుంటే ఓపిగ్గా చదివారు. ఉద్యోగం ఏమిటని అడిగితే, 'రైల్వే స్టేషన్‌లో ప్రకటనలు చదువుతాను' అని రాశాను.

ఆవిడ కళ్ళజోడు తీసేశారు. "పదేళ్ళుగా రోజూ మీ మాట విని రైలెక్కుతున్నానమ్మా. మీరు ఆలస్యానికి చింతిస్తున్నాం అంటే, నిజంగా చింతిస్తున్నారనుకునేదాన్ని" అన్నారు.

అవతలి కంపెనీ ఇప్పుడు మాట మార్చింది. తప్పులో సగం నాదేనట, నేనే గీత దాటానట! లాయరమ్మ పోలీసులు తీసిన ఫొటోలు తెప్పించారు. పగిలిన అద్దమంతా నా వైపే రాలి ఉంది. చక్రాల గుర్తులూ నా వైపే ఉన్నాయి. ఆ లారీ డ్రైవరు కూడా దొరికాడు. "నేను చూసిందే చెప్తాను, అబద్ధమాడాల్సిన పని నాకేముంది" అన్నాడట.

ఇక తేలాల్సింది ఒక్కటే. నేను మళ్ళీ మైకు ముందు కూర్చోగలనా లేదా? తీగలు తీశాక చూద్దామన్నారు.

నీ అక్క

*

ప్రియమైన అక్కా,

పిన్ని అయ్యావ... కాదు, పెద్దమ్మవయ్యావు! ఆనందంలో వరసలు కూడా మర్చిపోతున్నాను. ఆడపిల్ల. నెల ముందే వచ్చేసింది. చిన్నది, కానీ గట్టిది. దాని ఏడుపు వింటే మూడు వీధులు లేచి కూర్చోవాల్సిందే. ఇద్దరం క్షేమం.

బావగారు ఫోన్ చేసినప్పుడు నీ తీగలు తీసేశారని చెప్పారు. "అయితే ఫోన్ ఇవ్వండి, మాట్లాడతాను" అన్నాను. "ఇప్పుడు కాదులే" అని పెట్టేశారు. మర్నాడూ అంతే. ఉత్తరాలు కూడా ఆపేశావు. ఏం దాస్తున్నారు నా దగ్గర? బాలింతకి దిగులు మంచిది కాదని చెప్పకుండా ఉండటమే నాకు పెద్ద దిగులు.

నీ బుజ్జి

*

ప్రియమైన బుజ్జీ,

నీ పాప గురించి చదివి గట్టిగా నవ్వాను. నోరు రెండు వేళ్ళ మేరే తెరుచుకుంటుంది. ఆ నవ్వుకి అంతే చాలింది.

దాస్తున్నది ఇదీ. కింది పెదవిలో స్పర్శ లేదు. నరం దెబ్బతింది. ప, బ, మ అనాలంటే పెదాలు కలవాలిగా. అవి కలిశాయో లేదో నాకే తెలియదు. మాట ముద్దగా వస్తుంది. తీగలు తీసిన రోజు మొదటగా మీ బావని పేరు పెట్టి పిలవబోయాను. ఎవరో తాగినవాళ్ళు పిలిచినట్టుంది. అందుకే నీతో ఫోన్‌లో మాట్లాడలేదు.

అయినా మానలేదు. అద్దం ముందు కూర్చుని రోజూ ప్రకటనలు చదువుతున్నాను. కొద్దికొద్దిగా మెరుగవుతోంది. అసలు చిక్కు అక్కడే వచ్చింది. వచ్చే సోమవారం విచారణ. నేను చక్కగా మాట్లాడేస్తున్నానని, ఉద్యోగానికి ఢోకా లేదని అవతలివాళ్ళ వాదన. రాత్రి అన్నం దగ్గర మీ బావ తల వంచుకుని, "జడ్జిగారి ముందు కాస్త తడబడు. ఉన్నదే కొంచెం ఎక్కువ చేసి చూపించు. అబద్ధమేం కాదుగా" అన్నారు.

కోపంతో లేచి వచ్చేశాను. కానీ ఆయన ఆ మాట ఎంత ఇబ్బందిపడుతూ అన్నారో చూశాను. ఈ నెలలన్నీ నాకు గంజి వార్చి, స్పూనుతో పట్టిన మనిషి. ఏం చెయ్యమంటావు?

నీ అక్క

*

అక్కా,

పాప నిద్రలేచేలోపు రాసేస్తున్నాను. నిజం చెప్పనా? నేనైతే తడబడేదాన్ని. రెండుసార్లు దగ్గి, నీళ్ళు కూడా అడిగేదాన్ని.

కానీ అద్దం ముందు కూర్చుని రోజూ ప, బ, మ దిద్దుకుంటున్నది నేను కాదు, నువ్వు. అక్కడ నిలబడ్డాక నీ నోటికి ఏది వస్తే అదే మాట్లాడు. లేచింది, ఉంటా.

బుజ్జి

*

ప్రియమైన బుజ్జీ,

విచారణ ఎలా జరిగిందో మొదటినుంచీ చెప్తాను, తొందరపడి చివరికి పోకు.

నువ్వు ఊహించినంత పెద్ద హాలేమీ కాదు. బడి గదంత ఉంటుంది. అవతలి లాయరు కుర్రవాడు, ఇస్త్రీ మడతలు నలగలేదు. "ఈవిడ బాగానే మాట్లాడుతున్నారు కదండీ. కావాలంటే ఒక ప్రకటన చదివించండి" అన్నాడు. జడ్జిగారు నా వైపు చూశారు. మీ బావ ఆఖరి బెంచీ మీద నేల చూపులు చూస్తున్నారు.

వీపు నిటారుగా పెట్టుకుని, మైకు ముందు కూర్చున్నప్పటిలాగే ఊపిరి తీసుకుని చదివాను. "ప్రయాణికులకు విజ్ఞప్తి. మూడో నంబరు ప్లాట్‌ఫారం మీదనుంచి వెళ్ళవలసిన బండి కొద్ది ఆలస్యంగా బయలుదేరుతుంది. అసౌకర్యానికి చింతిస్తున్నాం." నాకు చేతనైనంత బాగా చదివాను బుజ్జీ. ఒక్క అక్షరం కూడా కావాలని వదల్లేదు. ఆ కుర్ర లాయరు తృప్తిగా తలూపాడు. అయిపోయింది, కేసు నా చేతులతో నేనే పోగొట్టుకున్నాను అనుకున్నాను.

అప్పుడు లాయరమ్మ లేచారు. "ఇదే ప్రకటన మా క్లయింటు కిందటేడు చదివింది వినండి. స్టేషన్‌లో ఇంకా ఈ రికార్డే వేస్తున్నారు" అని చిన్న యంత్రం నొక్కారు.

నా గొంతే. నేనే తెల్లబోయాను. ఒక్కో మాటా కడిగి ఆరబెట్టినట్టు ఉంది. "ఆవిడ ఇప్పుడు చేతనైనంత బాగా చదివారండీ. పోయింది ఎంతో మీరే విన్నారు" అని లాయరమ్మ కూర్చున్నారు. తడబడి ఉంటే, నటిస్తున్నానని ఆ కుర్రవాడు ఒక్క ప్రశ్నతో తేల్చేసేవాడు. నా దగ్గర ఉన్న మంచిదంతా బయటపెట్టాకే, లేనిదేమిటో వాళ్ళకి వినిపించింది.

తీర్పు నిన్న వచ్చింది. తప్పు పూర్తిగా అతనిదే. ఆసుపత్రి ఖర్చులు, పోయిన జీతం, ముందు ముందు జరగాల్సిన నరం వైద్యం, మాట శిక్షణ, అన్నీ ఇవ్వాలన్నారు. వాళ్ళు పై కోర్టుకి వెళ్ళినా భయం లేదని లాయరమ్మ భరోసా ఇచ్చారు.

బయటికి వచ్చాక మీ బావ మెట్ల మీద ఆగిపోయి, "నన్ను తిట్టు" అన్నారు. "తిట్టాలంటే పెదాలు గట్టిగా కలవాలి. ఇంకో రెండు నెలలు ఆగండి" అన్నాను. పాపం, ఆయన నవ్వలేదు, నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగారు.

ఇంకో మాట. మైకు నాకిప్పట్లో లేదని స్టేషన్ మాస్టరు మొహమాటపడుతూ చెప్పారు. కొత్తగా చేరిన ఇద్దరికి నేర్పమన్నారు. ఇవాళే మొదటి రోజు. ఆ ఇద్దరిలో చిన్నమ్మాయి 'దయచేసి' అన్న మాటని గబగబా మింగేస్తోంది. ఆపాను. "అమ్మాయ్, అవతల ఒకావిడ పిల్లని చంకనేసుకుని, రెండు సంచులతో పరిగెత్తుతోంది. ఆవిణ్ణి అడుగుతున్నావు. నిజంగా దయచేయమని అడుగు" అన్నాను. నా మాట ముద్దముద్దగానే వచ్చింది.

ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. మళ్ళీ మైకు నొక్కింది. కిటికీలోంచి చూస్తున్నాను బుజ్జీ, ప్లాట్‌ఫారం మీద ఇద్దరు ముగ్గురు తలెత్తి విన్నారు.

పాపకి ముద్దులు,
పెద్దమ్మ