బోల్టులు బిగించింది నేనే

బావా, వందనాలు.

ఎదురుగా చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. మొయినాబాద్ మలుపు దగ్గర కారు కల్వర్టును గుద్దుకుంది అక్క తప్పు వల్ల కాదు, నా వల్ల.

ముందు చక్రాల దగ్గర అరిగిపోయిన రబ్బరు బుష్‌లను హిమాయత్‌నగర్‌లో మా వాకిట్లో నేనే మార్చాను కదా. వీడియో చూసి, కారు ఇంకా జాకీ మీద ఉండగానే బోల్టులు బిగించేశాను. ప్రమాదం తర్వాత చేవెళ్ల మెకానిక్ విప్పి చూపించాడు.

"బండి కిందికి దించి, బరువు పడ్డంక బిగియ్యాలె. లేకుంటే రబ్బరు మెలిపడి గిట్లనే చినుగుతది. బ్రేక్ తొక్కంగనే బండి పక్కకు గుంజుతది. ఎవలు చేసిన్రు?" అని అడిగాడు.

"తెల్వదు" అన్నాను.

ఆ సాయంత్రం మీరు "నీకు కారెందుకు?" అంటూ అక్క దగ్గర తాళాలు తీసుకున్నారు. నేను పక్కనే కూర్చుని అన్నం తిన్నాను. అప్పటి నుంచి ఆమె కట్టు కట్టిన చేత్తో షేర్ ఆటోలో బడికి వెళ్తోంది.

నిన్న అక్కకు అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. "అయితే నేను బ్రేక్ సక్కగనే తొక్కిన్నా?" అని రెండుసార్లు అడిగింది. ఈ ఇరవై రోజులూ తన కాలే తడబడిందని నమ్మిందట.

కారు బాగయింది. ఈసారి మెకానికే బిగించాడు. తాళాలు ఆమెకు ఇచ్చేయండి బావా. అనాల్సింది నన్ను అనండి. ఆదివారం ప్రార్థన కాగానే మీ ఇంటికి వస్తాను.

మీ బామ్మర్ది