వేలు తగిలితే తెరుచుకునే తలుపు

అత్తయ్యా,

నిన్న మావయ్య సంతాపసభలోంచి మీరు మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. తప్పు నాదే. యుద్ధంలో మావయ్య మండుతున్న విమానంలోంచి దూకి బతికారని గొప్పగా చెప్పి, చప్పట్లు కొట్టించాను. గేటు దగ్గర మీరు, "వెనక సీట్లో ఆయన స్నేహితుడు తలుపు తీసుకోలేక లోపలే ఉండిపోయాడురా. దానికా చప్పట్లు?" అన్నారు.

మావయ్య ఇంజనీరయ్యాక బతుకంతా విమానాల తలుపులు తయారుచేయడంలోనే ఎందుకు గడిపారో అప్పుడు తెలిసింది. చిన్నప్పుడు మాకు కళ్లకు గంతలు కట్టి, ఇంట్లో ప్రతి తలుపూ తీయించేవారు. మేం చాదస్తమని నవ్వుకునేవాళ్లం.

క్షమించమని అడుగుదామని సాయంత్రం మీ గుమ్మం దాకా వచ్చాను. మావయ్య పిడి బిగించిన తలుపు, వేలు తగిలితే చాలు, తెరుచుకుంటుంది. చెయ్యి వెయ్యలేక వెనక్కి వచ్చేశాను.

మీ మేనల్లుడు