అరవై నాలుగో బిళ్ళ

అత్తయ్యగారికి,

మీ కోడలు నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. వంటింటి కుళాయికి తప్ప ఇంట్లో ఎవరికీ జలుబు లేదు. అక్కడ మీరు, వదిన, పసిది కులాసాగా ఉన్నారని చదివి మనసు కుదుటపడింది. పసిదానికి మీ ముక్కే వచ్చిందని ఒకే ఉత్తరంలో మూడుసార్లు రాశారు. నమ్మాను అత్తయ్యా, ఇక చాలు.

మీ అబ్బాయి వేళకి తింటున్నారా అని అడిగారు. ఊరందరి ఫ్రిజ్‌లూ బాగుచేసే మనిషి ఇంట్లో ఫ్రిజ్ తలుపు మాత్రం సరిగ్గా వెయ్యరు. తిండికేం లోటు లేదు, పొట్ట దగ్గర చొక్కా గుండీలే సాక్ష్యం. మీ మనవరాలికి ముందుపళ్ళు రెండూ ఊడిపోయాయి. నానమ్మ చూసేదాకా కొత్తవి రానివ్వనని పట్టుబట్టి కూర్చుంది. కుట్టుమిషను పిన్ని మీ దిండు గలీబులు ఇచ్చేసింది, ఒకటి తక్కువ. అడిగితే, "మీ అత్తగారు వచ్చాక నన్నే అడగమను" అంది. మీరంటే ఉన్న భయం నేనంటే లేదు మరి ఆవిడకి.

ఇక మీ అసలు ప్రశ్న. 'బిళ్ళలు లెక్కపెడుతున్నావా?' అని ఉత్తరం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి, మధ్యలో కింద గీత గీసి మరోసారి అడిగారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అది చదవగానే నా చెయ్యి బిళ్ళల సంచి మీదికి పోయింది. ఆ సంగతి చెబుతాను. అది చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త ధైర్యం కూడగట్టుకోనివ్వండి.

శనివారం సాయంత్రాలు బింగో ఆటకి హాలు ఎప్పటిలాగే నిండుతోంది. కింది వాటాలోకి కొత్తగా దిగిన నర్సమ్మ కూడా వస్తోంది. బింగో అంటే ఏమిటో ఆమెకి తెలీదు. మీరు చెప్పే పద్ధతిలోనే చెప్పాను. "చీటీలో మూడు వరసలు, వరసకి ఐదంకెలు, మొత్తం పదిహేను. సంచిలో ఒకటి నుంచి తొంభై దాకా చెక్క బిళ్ళలుంటాయి. నేను చూడకుండా ఒకటి తీసి, పైకి చదివి, పలక మీద దాని గుంటలో పెడతాను. ఆ అంకె నీ చీటీలో ఉంటే దానిమీద గుండీ పెట్టుకో. ఒక వరస నిండితే చిన్న బహుమతి. పదిహేనూ నిండితే ఫుల్ హౌస్, పక్కవాళ్ళకంటే ముందు 'బింగో' అని అరవాలి."

"ఇంతేనా? ఇందులో తెలివేముంది?" అంది.

"ఏమీ లేదు. అందుకే అందరం వస్తాం" అన్నాను. అదీ మీ మాటే, నాది కాదు.

చీటీలు వారం వారం మార్చుకోరా అని కూడా అడిగింది. పదకొండేళ్ళ కిందట మీరు చెప్పుల డబ్బాల అట్టలు కత్తిరించి నలభై రెండు చీటీలు రాశారనీ, ఎవరి చీటీ వాళ్ళింట్లోనే ఉంటుందనీ, మనిషి పోతే ఆ చీటీ వాళ్ళ వాళ్ళు ఆడతారనీ చెప్పాను. పక్కనే ఉన్న తాళాల తాతయ్య జేబులోంచి తన చీటీ తీసి ఆమెకి చూపించాడు. తాళాల పని మానేసి ఏళ్ళయినా ఆయనకి ఆ పేరు పోలేదు. ఆ చీటీ పోయిన బామ్మగారిదని మీకు తెలుసు కదా. "ఇది మా ఆవిడ చీటీ. నేను ఊరికే గుండీలు పెడతానంతే, ఆడేది ఆవిడే" అన్నాడు.

సరే, చెప్పేస్తున్నాను.

వెళ్ళేటప్పుడు మీరు రెండే మాటలు చెప్పారు. సంచి ఉతక్కు. ఆటకి ముందు తొంభై, ఆటయ్యాక తొంభై, లెక్కపెట్టు. మీరు బస్సెక్కిన మూడో రోజే సంచి ఉతికాను. అది పట్టుకుంటే చేతులు జిడ్డోడుతున్నాయి అత్తయ్యా, ఉండబట్టలేకపోయాను. బిళ్ళలు కూడా కడిగి మేడమీద దుప్పటి పరిచి ఆరబోశాను. ఆరాక లెక్కపెట్టకుండానే సంచిలో పోసేశాను. ఫుల్ హౌస్ పడేసరికి సంచిలో ఎప్పుడూ కొన్ని బిళ్ళలు మిగిలే ఉంటాయి కదా, పలక మీద ఖాళీ గుంటల సంగతి ఎవరికీ పట్టదు. అలా రెండు శనివారాలు నాకే తెలీలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం మీ మనవరాలు సరదాకి బిళ్ళలన్నీ పలకలో పేరుస్తూ, "అమ్మా, ఇక్కడ ఒకటి లేదు" అంది.

అరవై నాలుగు.

మేడంతా వెతికాను. వాన గొట్టంలో, పక్కింటి పూలకుండీల్లో కూడా. కాకి ఎత్తుకుపోయిందో, నీళ్ళలో కొట్టుకుపోయిందో తెలీదు. అరవై నాలుగున్న చీటీలు ఏడు. ఆ ఏడుగురూ ఎంత ఆడినా ఫుల్ హౌస్ రాదు. అది తెలిసి కూడా ఇంకో మూడు శనివారాలు నోరు మూసుకుని సంచిలో చెయ్యి పెట్టాను. ఎందుకంటే మీరు వెళ్ళేముందు హాలందరి ఎదుటా, "మా కోడలు చూసుకుంటుంది" అన్నారు. అలా మీరు నా గురించి అనడం అదే మొదటిసారి. ఆ మాట పోగొట్టుకోవాలనిపించలేదు.

ఆ ఏడింట్లో ఒకటి బామ్మగారి చీటీ. రెండుసార్లు తాతయ్యకి పద్నాలుగు గుండీలు పడ్డాయి. "ఒక్కటే అమ్మాయ్, ఒక్కటే!" అని వేలు చూపించాడు. నేను తల దించుకుని సంచి కలిపాను.

రెండు వారాల కిందట మంగళవారం పొద్దున ఆయన మనింటికొచ్చాడు. చీటీ బల్లమీద పెట్టి, "మీ అత్తగారొచ్చాక ఇచ్చెయ్యమ్మా. ఎవరైనా కొత్తవాళ్ళు ఆడుకుంటారు" అన్నాడు.

"అదేంటి తాతయ్యా, ఏమైంది?"

"మా ఆవిడ బట్టలు బీరువా నిండా అలాగే ఉండేవి. ఎన్నాళ్ళుంచుతానమ్మా? నెల కిందటే ఎవరికో ఇచ్చేశాను. ఆ వారం నుంచే మొదలైంది. పద్నాలుగు దాకా రానిస్తుంది, పదిహేనోది రానివ్వదు. బతికున్నప్పుడూ అంతే, కోపమొస్తే తిట్టేది కాదు, మాట్లాడ్డం మానేసేది. అడక్కుండా ఇచ్చేశానని అలిగింది. ఇక ఆ చీటీ ముందు నేను కూర్చోలేను."

నాకు ఏడుపాగలేదు అత్తయ్యా. నా పరువు కోసం ఆ పెద్దాయన్ని పోయిన భార్యతో తగువులో పెట్టాను.

సంచి తెచ్చి బల్లమీద గుమ్మరించాను. "లెక్కపెట్టండి తాతయ్యా" అన్నాను. ఒక్కొక్కటే వేలితో పక్కకి జరుపుతూ లెక్కపెట్టాడు. ఎనభై తొమ్మిది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. అప్పుడు ఉతకడం దగ్గర్నుంచి దాచడం దాకా అంతా చెప్పాను.

"అయితే అది అలగలేదా?" అన్నాడు.

"లేదు తాతయ్యా. నేనే పోగొట్టాను."

"ఒట్టు?"

"మా పిల్ల మీద ఒట్టు."

కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. "నెల్లాళ్ళుగా దాని ఫోటో వైపు చూడ్డం లేదమ్మా" అన్నాడు. చీటీ మళ్ళీ జేబులో పెట్టుకుని, కలిపిచ్చిన టీ కూడా తాగకుండా ఇంటికెళ్ళిపోయాడు.

శనివారం హాల్లో నిలబడి అందరికీ చెప్పాను. కుట్టుమిషను పిన్ని ఊరుకుంటుందా? ఆమె చీటీలోనూ అరవై నాలుగుంది. "ఐదు వారాలు నాచేత ఉత్తిపుణ్యానికి గుండీలు పెట్టించావు! ఆ ఎర్ర బకెట్ నాకు రావాల్సింది" అని లేచింది. బకెట్ గెలిచిన నర్సమ్మ పాపం ఇచ్చేస్తానంది. "నువ్వు వాడేసిన బకెట్ నాకెందుకు?" అని పిన్ని దానికీ కసిరింది. హాలంతా నవ్వారు. నాకు మాత్రం ఎవరి మొహమూ చూడబుద్ధి కాలేదు.

మీ అబ్బాయి వడ్రంగితో కొత్త బిళ్ళ చేయించారు. అంకె నేను రాయబోతే ఎవరూ ఒప్పుకోలేదు. మిగతా ఎనభై తొమ్మిదీ మీ చేతిరాతే, ఇదీ మీరే రాయాలట. దూదిలో చుట్టి ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. అది తిరిగొచ్చేదాకా ఆట లేదు. శనివారం అందరూ వచ్చి టీ తాగి, నా గురించి నా ఎదుటే మాట్లాడుకుని వెళ్తున్నారు.

మీకు కోపం వస్తుంది. రావాలి కూడా. ఎన్ని పేజీలు కావాలంటే అన్ని పేజీలు తిట్టండి. మాట్లాడ్డం మాత్రం మానెయ్యకండి అత్తయ్యా. అదెలా ఉంటుందో తాతయ్యని చూశాక తెలిసింది, నేను తట్టుకోలేను.

కవరు అంటించబోతుంటే తాతయ్యే వచ్చాడు, గెడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని. మీకేమైనా రాయమంటారా అని అడిగాను. "బిళ్ళకేం తొందర లేదని రాయమ్మా. మేమిద్దరం మాట్లాడుకుంటున్నాం" అన్నాడు.

ఇట్లు,
మీ తిట్ల కోసం ఎదురుచూసే
మీ కోడలు