ఎర్రలైటు, గాజు పీచు

ఏమండీ, గడప బయటే చొక్కా విప్పి, బాగా దులిపి లోపలికి రండి. మీ ఫ్యాక్టరీలో ఫిల్టర్లకు వాడే గాజు పీచంతా ఒంటికి అంటించుకొస్తున్నారు. ఊరందరి దుమ్మూ ఆపే మనిషి అడుగుపెట్టగానే మనింట్లో గాలి శుభ్రంచేసే మిషన్ ఎర్రలైటు వేసి గోల పెడుతోంది.

ఆ చొక్కా నా బట్టలతో కలిపి ఉతకకండి. మొన్న మీ పుణ్యమా అని క్లాసులో పాఠం చెబుతూ ఒకటే గోక్కున్నాను. అదేదో వ్యాయామం అనుకుని పిల్లలు నలభైమందీ గోక్కున్నారు. తర్వాత హెడ్‌మాస్టరుగారూ.

అన్నం హాట్‌బాక్సులో ఉంది.

చెప్పడం మరిచాను. మీరు డ్యూటీ మీద ఊరెళ్ళిన మూడు రోజులూ ఆ లైటు పచ్చగానే ఉంది. ఇల్లు బావురుమంది. చివరికి మీ పాత యూనిఫాం తెచ్చి ఆ మిషన్ ముందు దులిపాను. ఎర్రలైటు వెలిగాకే అన్నం తిన్నాను.