రాత్రికి అక్కడే ఉంటాం

నాన్నకు,

కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు. అందుకని ఆ కోపంతోనే, నమస్కారాలతో మొదలుపెడుతున్నాను.

ముందు మంచి కబురు. మా నాటక బృందానికి నది అవతలి దేశం నుంచి పిలుపొచ్చింది. అక్కడి మిల్లు కార్మికుల సభలో మా నాటకం వెయ్యాలి. సరిహద్దు గేటు పొద్దున గానీ తెరవరు కాబట్టి, ముందురోజు రాత్రి ఇవతలి ఒడ్డున ఎక్కడో ఒకచోట పడుకోవాలి. ఎక్కడ పడుకోవాలన్నదాని మీద నేను పనిచేసే ప్రెస్సు వెనక గదిలో పెద్ద యుద్ధమే జరిగింది. అందరూ పెద్ద వంతెన ఉన్న ఊరన్నారు. అక్కడ దీపాలూ, సినిమా హాళ్ళూ, వేడినీళ్ళొచ్చే హోటళ్ళూ ఉంటాయి. నేనొక్కణ్ణే లాంచీ రేవున్న చిన్న ఊరన్నాను.

"ఆ ఊళ్ళో ఏముందిరా కరపత్రం?" అన్నాడు ఫిడేలు మావయ్య. బృందంలో నన్ను అలాగే పిలుస్తారు. నేనేం మాట్లాడినా అచ్చేసి పంచినట్టుంటుందట.

"నది ఉంది. ప్రశాంతత ఉంది," అన్నాను.

"ప్రశాంతతని ఏం చేసుకుంటాం? కప్పలకి వేస్తామా నాటకం?"

ఇంక ఊరుకోలేదు నేను. కాగితపు కట్టల మీదకెక్కి నిలబడ్డాను. సరిహద్దంటే పాలకులు గీసిన గీత అన్నాను. ఆ గీత ఎంత అబద్ధమో తెలియాలంటే వంతెన మీంచి చూస్తే సరిపోదు, నీళ్ళ దాకా దిగి చూడాలన్నాను. వినోద వ్యాపారపు వెలుగుల్లో నిద్రపోయినవాడు పొద్దున్నే లేచి కార్మికుడి కళ్ళలోకి చూడలేడన్నాను. ఈ ముక్క మాత్రం నాది కాదు, మేం అచ్చేసిన ఒక చిన్న పుస్తకంలోది. కానీ పుస్తకంలో అది ఇంత గట్టిగా అరవలేదు.

అంతా విని టీచరమ్మ కళ్ళజోడు తుడుచుకుంది. ఆవిడే మా బృందానికి పెద్ద. బడిపిల్లలకి చాలాకాలం పాఠాలు చెప్పి వచ్చింది, అబద్ధం వాసన దూరం నుంచే పట్టేస్తుంది. "వీడింతసేపు సిద్ధాంతం చెప్పాడంటే అక్కడ వీడికేదో సొంత పనుంది. సరే, అక్కడికే పోదాం," అంది. ఎవరో అమ్మాయి ఉండి ఉంటుందని మిగతావాళ్ళంతా ఇకిలించారు.

ఉంది నాన్నా. అమ్మాయే. అక్క.

నువ్వీపాటికి ఉత్తరం మడిచేసి ఉంటావు. మళ్ళీ విప్పు. ఎదురుగా ఉంటే ఇవి చెప్పనివ్వవు. నేను అక్క మాటెత్తితే చాలు, నువ్వు రంపం అందుకుంటావు. ఆ చప్పుడులో ఎవరు ఎవరికి ఏం చెప్పగలరు? అమ్మ పోయాక మనం ముగ్గురం మిగిలాం. అక్క వెళ్ళిపోయాక ఇద్దరం. అక్క చేసిన నేరమల్లా నది అవతల పుట్టినవాణ్ణి, లాంచీ నడుపుకునేవాణ్ణి ఇష్టపడి చేసుకోవడం. దానికి నువ్వు వీధి గుమ్మంలో నిలబడి, ఎదురింటివాళ్ళూ పక్కింటివాళ్ళూ అందరూ వినేలా "నాకు కూతురు లేదు" అన్నావు. నీ వెనకాల నేను ఉలి పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ మాట ఇప్పటికీ నా వీపు మీదే ఉంది.

అక్క అప్పుడప్పుడు నాకు ప్రెస్సు చిరునామాకి రాస్తుంది. బావ సంగతీ, నది సంగతీ, తను పడవల మీద కప్పే టార్పాలిన్లు కుట్టే సంగతీ అన్నీ రాస్తుంది. నీ గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు. ఎలా ఉన్నాడని కూడా అడగదు. ఎంత గాయపడితే మనిషి అలా అడగడం కూడా మానేస్తుందో నువ్వే ఆలోచించు. పితృస్వామ్యం అంటే ఏమిటో నేను పుస్తకాల్లో చదవక ముందే మన ఇంట్లో చూశాను.

ఇప్పుడు నా నిర్ణయం చెబుతున్నాను. అక్క ఇంటికి వెళ్తున్నాను. నువ్వు ఆ గుమ్మం తొక్కేదాకా నేను నీ గుమ్మం తొక్కను. ప్రెస్సుకి సెలవైనప్పుడల్లా వచ్చి నీ పనికి సాయం చేసేవాణ్ణి, ఇక వేరే మనిషిని చూసుకో. నేను ఉడుకురక్తంతో రాస్తున్నాననుకుంటావేమో, అవును, అదే రక్తంతో రాస్తున్నాను. అది నాకు నీ దగ్గర్నుంచే వచ్చింది.

నీ కొడుకుగా ఉండాలో వద్దో నువ్వే తేల్చు.

చిన్నోడు


నాన్నా,

రేవు పక్కన లాడ్జి వరండాలో కూర్చుని రాస్తున్నాను. లాంచీ కదలడానికి ఇంకా టైముంది. మొదటి ఉత్తరం ఈపాటికి నీ చేతికి వచ్చే ఉంటుంది. రాకుండా దారిలో ఎక్కడైనా తడిసిపోయి ఉంటే బాగుండునని పొద్దున లేచిన దగ్గర్నుంచి అనుకుంటున్నాను. నా ఖర్మ కొద్దీ తపాలావాళ్ళు ఈమధ్య బాగా పనిచేస్తున్నారు.

ఈ ఊరికి ఉన్నది ఒకటే వీధి. అది నేరుగా నీళ్ళలోకి దిగిపోతుంది. తాళ్ళమ్మే కొట్టు, సామాన్లు తనిఖీ చేసే రేకుల షెడ్డు, సరిహద్దు గేటుగా ఒక అడ్డకర్ర, దాని పక్కన స్టూలు మీద కాపలా మనిషి. అడ్డకర్ర మొదలు దగ్గర బరువుకి కట్టిన రాయి మీద ఒక పిల్లి పడుకుంటుంది. దానికి నిద్రాభంగం కాకుండా కర్ర ఎత్తడం దించడం ఆ మనిషికి బాగా అలవాటైపోయింది. పాలకులు గీసిన గీత మీద నేను చేసిన ఉపన్యాసమంతా ఆ పిల్లిని చూడగానే చప్పబడిపోయింది. ఫిడేలు మావయ్య సాయంత్రమంతా మెట్ల మీద కూర్చుని నీళ్ళలోకి కాళ్ళు వేలాడేశాడు. "కప్పలు మంచి శ్రోతలురా, మధ్యలో లేచి పోవడం లేదు," అన్నాడు.

నేను అక్క ఇంటికి వెళ్ళాను. రేవు వెనకాల రెండు గదుల ఇల్లు. ముందు గదంతా టార్పాలిన్ పరుచుకుని ఉంది, దాని మధ్యలో కుట్టుమిషను, మిషను వెనకాల అక్క. కాస్త ఒళ్ళు చేసింది. నన్ను చూసి లేవబోయి, కాలు టార్పాలిన్‌లో చిక్కుకుని మళ్ళీ కూర్చుండిపోయింది. ఇద్దరం అలా నవ్వుతూ ఉండిపోయాం. తర్వాత నేను ఊరుకోవాలి కదా, ఊరుకోలేదు.

"అక్కా, నీ తరఫున యుద్ధం ప్రకటించేశాను," అన్నాను.

"ఎవరి మీదరా?"

"ఇంకెవరి మీద, నాన్న మీద. నీ గుమ్మం తొక్కేదాకా ఆయన గుమ్మం తొక్కనని రాసి పడేశాను."

అక్క నవ్వు ఆగిపోయింది. "పోస్టు చేశావా?" అంది.

"చేశాను."

"ముందు చెప్పులు విప్పి కూర్చో," అంది. చీకటి పడకముందే గాలి రానిద్దామని లేచి కిటికీ రెక్కలు తెరిచింది. అప్పుడు చూశాను నాన్నా. కొత్త కిటికీ. బందులకి బిగించిన స్క్రూలు చూశాను. ఒక్కొక్క స్క్రూ తల మీది గీత తిన్నగా, నిలువుగా, పక్కదానితో పోటీ పడ్డట్టు నిలబడి ఉంది. గీత అడ్డంగా ఉంటే వాననీళ్ళు అందులో నిలిచి తుప్పు పడుతుందని, పని నేర్చుకునే రోజుల్లో నా చేత ఎన్నిసార్లు విప్పించి మళ్ళీ బిగించావు. "ఎవడు చూస్తాడు నాన్నా?" అంటే, "వాన చూస్తుంది," అనేవాడివి. మన ఊరి వడ్రంగి మేస్త్రీలంతా ఆ పిచ్చి చూసి నవ్వేవాళ్ళు. ఆ పిచ్చి ఉన్న మనిషి ప్రపంచంలో ఇంకొకడు ఉంటాడని నేను నమ్మను.

"నాన్న వచ్చాడా?" అన్నాను.

"రాకేం. వస్తూనే ఉంటాడు."

"ఎందుకు?"

"కలప కోసం." అక్క మొహం చాలా మామూలుగా పెట్టింది. "ఎప్పుడొచ్చినా కలప కోసమే వచ్చానంటాడు. ఒక్క చెక్క కొన్న పాపాన పోలేదు. వచ్చి కిటికీ బాగుచేస్తాడు, మిషను కింద బల్ల చేస్తాడు, మీ బావ చేత కొలతలు పట్టిస్తాడు. మొదటిసారి వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి, 'ఈ తలుపు బిగించినవాడెవడు, వాడి చేతులు విరగ్గొట్టాలి,' అన్నాడు. అదే ఆయన పలకరింపు. నేనేడిచాను. ఆయన తలుపు ఊడదీశాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?" నా గొంతు లేచింది. పక్క గదిలోంచి బావ తొంగి చూసి, "ఉపన్యాసం మొదలైందా? భోజనం చల్లారిపోతుంది మరి," అని మళ్ళీ లోపలికి పోయాడు.

అక్క చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నువ్వు అన్నావట: "చిన్నోడికి చెప్పకు. చెప్తే కరపత్రం అచ్చేస్తాడు. నన్ను నలుగురిలో నిలబెట్టి జేజేలు కొట్టిస్తాడు. అప్పుడు నేను గెలిచానా ఓడానా అని వీధంతా లెక్కలేస్తుంది. నాకు గెలవడం వద్దు, ఓడడం వద్దు. అమ్మాయిని చూసుకోవాలి, అంతే."

బృందంలో నాకున్న పేరు అప్పటికి నీకెవరూ చెప్పలేదు. అయినా నువ్వూ అదే మాటన్నావు. నాన్నా, నేను మొహమాటం లేకుండా చెప్తాను, నాకు మొదట ఒళ్ళు మండింది. భోజనం మధ్యలోనే లేచి రేవు దాకా నడిచాను. కన్నకూతురింటికి కలప పేరు చెప్పుకుని రావలసిన ఖర్మ నీకేమిటి? ఎవరికి జడిసి? నీ నాలుక్కి జడిసి. ఒకసారి వీధిలో అన్న మాటని నాలుగు గోడల మధ్య వెనక్కి తీసుకుంటే అది వెనక్కి వస్తుందా? ఇదంతా రేవులో పిల్లికి చెప్పాను. అది కళ్ళు కూడా తెరవలేదు. తిరిగి వచ్చేసరికి అక్క నా కంచం మీద మూతపెట్టి కూర్చుని ఉంది.

"వచ్చిన ప్రతిసారీ రాత్రికి లాడ్జికి పోతాడు," అంది. "ఎంత బతిమాలినా ఉండడు. భోంచేస్తాడు, మీ బావతో నది లోతు గురించి వాదిస్తాడు, చెప్పులేసుకుంటాడు. అదొక్కటే నాకు బాధరా. మిగతాదంతా నాకు దొరికింది. నువ్వు అరిచి అది తెప్పించలేవు. ఉన్నది కూడా పోతుంది."

ఇప్పుడే లాడ్జి నడిపే పెద్దమ్మ నా మొహం చూసి, "మేస్త్రీగారి అబ్బాయివా? మీ నాన్న వచ్చినప్పుడల్లా నా తలుపులు ఊరికే ఉండనివ్వడు," అంది. అంటే బృందాన్నంతా మెడబట్టి ఈ ఊరికి లాక్కొచ్చింది నేనొక్కణ్ణే కాదన్నమాట. నాకంటే ముందే నువ్వు ఇదే ఊరు చూసుకున్నావు, నది ఉందనీ, ప్రశాంతత ఉందనీ, నన్నెవరూ అడగరనీ.

ఆ ఉత్తరం చింపెయ్యమని అడగను. నీ గురించి అందులో రాసినది తప్పని ఇప్పుడు తెలిసింది. వీధిలో నువ్వన్నది తప్పని మాత్రం ఇప్పటికీ అంటాను. కానీ నాటకం అయ్యాక ఇంటికే వస్తున్నాను. వచ్చి ఆ మాట ఎత్తను. నువ్వు ఎత్తితే తప్ప. ఇది నాకెంత కష్టమో నీకు తెలుసు కాబట్టి, నన్ను మరీ ఎక్కువ రోజులు ఉడికించకు.

లాంచీ కూత వేస్తోంది. బావ టోపీ పెట్టుకుని చక్రం దగ్గర నిలబడ్డాడు. టీచరమ్మ నన్ను పిలుస్తోంది.

నీ కొడుకే అయిన,
చిన్నోడు


అక్కా,

అవతలి ఒడ్డున నాటకం బాగా జరిగింది, చప్పట్లు కూడా కొట్టారు. ఆ సంగతి తర్వాత వివరంగా రాస్తాను. ముందు ఇది విను.

ఇంటికి వచ్చేసరికి నాన్న వీధి అరుగు మీద తలుపు చెక్క చిత్రిక పడుతున్నాడు. నేను రాసిన రెండు ఉత్తరాలూ అందాయని నాకు తెలుసు, ఎందుకంటే రాత్రి ఎక్కడ ఆగారని ఆయన అస్సలు అడగలేదు. "నాటకమైందా?" అన్నాడు. "అయింది," అన్నాను. "చేతులు కడుక్కుని రా, ఇది బరువుంది," అన్నాడు. అంతే. ప్రెస్సుకి సెలవు పెట్టాను, రోజులు గడిచాయి. ఇద్దరం పొద్దున్నుంచి పని చేస్తున్నాం, సాయంత్రం భోంచేస్తున్నాం. నేను నోరు మూసుకుని ఉండడం చూసి ఎదురింటివాళ్ళు ఒంట్లో బాగోలేదా అని కూడా అడిగారు. ఒకసారి మాట నాలుక చివరిదాకా వచ్చింది. నువ్వన్నది గుర్తుచేసుకుని మేకులు నోట్లో పెట్టుకున్నాను.

ఇవాళ పిండిమిల్లు ఆయన వచ్చాడు. నీకు గుర్తుండే ఉంటుంది, ఊళ్ళో ఏ కబురైనా ఆయన మిల్లులో పడి మెత్తగా బయటికి వస్తుంది. మిల్లు తలుపు వంగిపోయిందట. "వచ్చే వారం వచ్చి చూడు మేస్త్రీ," అన్నాడు.

"వచ్చే వారం నేనుండను," అన్నాడు నాన్న, చిత్రిక ఆపకుండానే. "మా అమ్మాయింటికి వెళ్తున్నాను."

పిండిమిల్లు ఆయన నోరు తెరుచుకుని నా వైపు చూశాడు. నేను చెక్క వైపు చూశాను. పక్కింటావిడ బట్టలారేస్తూ ఆగిపోయింది. ఆయన గొంతు సవరించుకుని, "ఏ అమ్మాయి?" అన్నాడు.

నాన్న చిత్రిక పక్కన పెట్టాడు. నడుం నిలబెట్టి, వీధి మొత్తానికి వినపడేంత గొంతుతో అన్నాడు: "ఏ అమ్మాయేమిటయ్యా, నాకున్నది ఒక్కతేగా. అల్లుడు లాంచీ నడుపుతాడు. మంచి పనివాడు. నది లోతు సంగతి తెలియదు గానీ."

ఆ క్షణంలో నాకు అరుగు మీదకెక్కి అరవాలనిపించింది. ఎలాంటి వాక్యాలొచ్చాయో నీకు చెప్పలేను. ఒక్కటి కూడా అనలేదక్కా. పిండిమిల్లు ఆయన తలుపు సంగతి మరిచిపోయి గబగబా వెళ్ళిపోయాడు. సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోతుంది, మనం ఏమీ అచ్చెయ్యక్కర్లేదు.

నాన్న మళ్ళీ వంగి చిత్రిక అందుకున్నాడు. "గుడ్లప్పగించి చూస్తావేం, ఆ కొస గట్టిగా పట్టుకో," అన్నాడు. పట్టుకున్నాను. కాసేపు చెక్కపొట్టు రాలింది. తర్వాత తలెత్తకుండానే అన్నాడు: "దానికి ఉత్తరం రాయి. చెప్పాపెట్టకుండా ఇద్దరం దిగితే ఇబ్బంది పడుతుంది."

"లాడ్జి పెద్దమ్మకి కూడా రాయనా, గదికి?" అన్నాను. అడగకుండా ఉండాల్సింది, కానీ అప్పటికే చాలాసేపు ఊరుకున్నాను కదా.

చిత్రిక చెక్క చివరిదాకా వెళ్ళి ఆగింది.

"అక్కర్లేదు," అన్నాడు. "రాత్రికి అక్కడే ఉంటామని రాయి."

అందుకే రాస్తున్నాను.

నీ తమ్ముడు