కిటికీలో పెట్టిన ఇన్సులిన్

అత్తమ్మా,

బాగున్నారా అని అడిగే ఓపిక ఈపొద్దు లేదు. దేవుని నైవేద్యం పాల పక్కన నా ఇన్సులిన్ ఉంటే మడి చెడుతుందని, ఫ్రిజ్‌లోంచి తీసి ఎండ పడే కిటికీలో పెట్టినారు. నాతో ఒక్క మాటా చెప్పలేదు. ఎండకు చెడిపోయిందని తెలీక ఆ మందే పొడుచుకున్నాను. షుగరు పెరిగి ఈడ ఆదోని ఆసుపత్రిలో పడినాను.

మీరేమో, కోడలు పుట్టింట్లో తీపి ఓళిగలు తిని షుగరు జబ్బు తెచ్చుకుందని మంత్రాలయమంతా చెప్తాండారంట! కడుపులో బిడ్డను సాకే మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను పనిచేయనీవంట, నా ఒళ్లు తట్టుకోలేకపోయిందంట. డాక్టరమ్మ మీ కొడుకు ముందరే చెప్పింది.

కాన్పయినాక రమ్మంటాండారు. మందుకే చోటివ్వని ఇంట్లో, పురిటి మైలతో పుట్టే బిడ్డను యాడ పెడతారు? ఆ కిటికీలోనేనా?

మీ కోడలు