బోనెట్ మీద అత్త చెయ్యి

మార్చి 4, బుధవారం

ఉద్యోగం వచ్చింది. లెటర్ మూడుసార్లు చదువుకున్నాను, నాలుగోసారి అమ్మకి చదివి వినిపించాను. నేను ఫిజియోథెరపిస్టుని. మంచం దిగలేని పేషెంట్ల ఇళ్లకి వెళ్లి వ్యాయామం చేయించాలి. రోజుకి తొమ్మిది ఇళ్లు, ఊరికి ఆ చివర నుంచి ఈ చివర దాకా.

ఆఖరి పేజీలో చిన్న అక్షరాలు. సొంత కారు ఉండాలి. ఏప్రిల్ ఒకటికి కాగితాలు చూపించకపోతే లిస్టులో తర్వాతి వాళ్లని పిలుస్తారు. లైసెన్సు ఉంది, కాలేజీలో ఉన్నప్పుడు నేర్చుకున్నాను. కారే లేదు. మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ సైకిల్ దాటి ఎక్కలేదు.

దాచుకున్నది ఒక పాత కారుకి సరిపోతుంది. అది మొరాయిస్తే ఇంకోటి కొనలేను.

మార్చి 6, శుక్రవారం

పరీక్షకి చదివినట్టు చదువుతున్నాను. ఏ మోడల్‌లో ఏ ఏడాది ఇంజన్‌కి ఏ రోగమో పెద్ద టేబుల్ వేశాను. ఒకటి ఆయిల్ తాగేస్తుందట. ఒకదానికి లోపల తిరిగే టైమింగ్ చైన్ సాగిపోయి, నడిరోడ్డు మీద ఇంజన్ మొత్తం పోతుందట. ఒకటి ఊరికే వేడెక్కుతుందట. నలభై ఒక్క ఇంజన్లు. మంచివాటికి ఆకుపచ్చ, చెడ్డవాటికి ఎరుపు.

నేను కొనబోయేది కారా, అల్లుడా అని అమ్మ అడిగింది.

మార్చి 7, శనివారం

టేబుల్ అత్తకి చదివి వినిపించాను. నాన్న చెల్లెలు. మాతోనే ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా గ్యారేజీ వెనక షెడ్డులో కూర్చుని, విప్పిన ఇంజన్ పార్టులు కిరసనాయిల్లో కడుగుతుంది. చదువు లేదు. ఒక్క మోడల్ పేరు కూడా తెలియదు.

పేర్లు చదువుతుంటే దువ్వెన ఆపకుండా వింది. తర్వాత అడగడం మొదలుపెట్టింది. అడుగున ఆయిల్ నిలిచే గిన్నె పొడుగ్గా ఉంటుందే, అదేనా? చైన్ రెండు వరసలదా, ఒక వరసదా? నేను ఫోన్లో బొమ్మ వెతికి చూపిస్తే, ఆ అదా, దానికి పిస్టన్ రింగులు అరుగుతాయి అంది. నేను రెండు రాత్రులు చదివి ఎక్కించిన రోగాలన్నీ ఒక్కొక్కటే ఆవిడే చెప్పేసింది. నా టేబుల్లో లేనివి రెండు కలిపింది కూడా.

ఇన్నాళ్లూ ఆవిడ చేతుల వాసనకి ముక్కు మూసుకున్నదాన్ని నేనే.

మార్చి 10, మంగళవారం

మొదటి కారు. తెల్లది, టేబుల్లో ఆకుపచ్చ. బ్రోకరు తెగ పొగిడాడు, సొంత చెల్లెలికి ఇస్తున్నట్టే ఇస్తున్నానన్నాడు. అత్త బోనెట్ మీద అరచెయ్యి ఆనించింది. తీసింది. పదవే అని నా మోచెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చేసింది. సొంత చెల్లెలైతే ఇంత పొద్దున్నే దానికి కాపడం ఎందుకు పెట్టావని పోతూ పోతూ అతన్ని అడిగింది.

దారిలో చెప్పింది. చైన్ వదులైతే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడే గలగలమంటుంది. వేడెక్కితే ఆ చప్పుడు అణిగిపోతుంది. అందుకే అమ్మేవాడు ముందే నడిపి పెడతాడు. బోనెట్ వెచ్చగా ఉందంటే ఏదో దాస్తున్నట్టే. గోడ అవతల నుంచి ఇరవై రెండేళ్లుగా రోజూ పొద్దున్న ఆ చప్పుళ్లు వింటూనే ఉందట.

మార్చి 14

ఇంకో రెండు చూశాం. రెండూ వెచ్చగానే ఉన్నాయి.

మార్చి 19, గురువారం

కళ్లజోళ్ల షాపాయన కారు. ఈమధ్యే షాపు మూసేశారు. చూపు మసకబారిందట, ఊరందరి కళ్లూ పరీక్షించిన మనిషిని నా కళ్ల సంగతి నాకు తెలియదా అని నవ్వారు. కారు టేబుల్లో ఎరుపు, చైన్ జబ్బుది. అయినా చాలా శుభ్రంగా ఉందని చూడ్డానికి వెళ్లాం.

అత్త చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. ఆయన ఇచ్చిన టీ గట్టు మీద పెట్టేసి, పెద్దమనుషులు కూడా ఇంతేనా అని ఆయన మొహం మీదే అనేసి బయటికి నడిచింది. ఆయనకి ఏమీ అర్థం కాలేదు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మార్చి 20, సాయంత్రం 5:30

ఆయన ఫోన్ చేశారు. కారు నచ్చకపోతే పోనీ, నేనేం తప్పు చేశానో చెప్పమ్మా అన్నారు. బోనెట్ సంగతి చెప్పాను. ఏడింటికి వస్తున్నామని ఫోన్ చేసింది నువ్వే కదా, ఇంటికొచ్చే వాళ్లని చల్లటి కారులో ఎలా కూర్చోబెడతాను, పక్కింటాయన్ని బతిమాలి పావుగంట నడిపించి పెట్టాను అన్నారు.

అవును. ఫోన్ చేసింది నేనే. మర్యాద అనుకుని ప్రతిచోటా ముందే చెప్పాను.

అత్తకి చెప్తే తింటున్న కంచం పక్కకి జరిపింది. మనం కబురు పెట్టి మరీ వెచ్చబెట్టించుకుని మనమే తిట్టొచ్చామన్నమాట అంది.

మార్చి 22, ఆదివారం

అంతా రాస్తాను.

ఈసారి చెప్పకుండా ఎనిమిదింటికి వెళ్లాం. ఖర్మ కాలి, పక్కింటాయన అప్పుడే ఆ కారులో ఆయన్ని బజారుకి తీసుకెళ్లి తెచ్చాడు. మళ్లీ వెచ్చన. రేపు పొద్దున్నే రమ్మన్నారాయన. అత్త వద్దంది. మీ మాట నమ్మకుండా వెళ్లింది నేను, కాబట్టి కూర్చోవాల్సిందీ నేనే అని, కారు పక్కన నేల మీదే చతికిలబడింది. ఆయన కంగారుపడి కుర్చీ తెచ్చారు. ఆవిడ కూర్చోకపోతే ఆయనా కూర్చోలేదు. చివరికి ఇద్దరూ మెట్ల మీద సర్దుకున్నారు. ఈసారి టీ ఆఖరి చుక్కదాకా తాగింది.

ఆరు గంటలు. ఆయన కళ్ల గురించి చెప్పారు, ఆవిడ పార్టుల గురించి చెప్పింది. గంటకోసారి లేచి, పిల్లకి జ్వరం చూసినట్టు చెయ్యి పెట్టి చూసి మళ్లీ కూర్చునేది. రెండింటికి నన్ను స్టార్ట్ చెయ్యమంది. తను వెనక పొగ గొట్టం దగ్గర నిలబడి కళ్లు మూసుకుంది.

గలగల లేదు. పొగ లేదు.

ఆపించి, ఆయిల్ పుల్ల తీసి, చుక్కని వేళ్ల మధ్య రుద్ది ఎండలో పట్టింది. ఇనుప రజను మెరుస్తుందేమోనని. మెరవలేదు. ఆయిల్ పోసే మూత తీసి లోపలికి టార్చి వెయ్యమంది. లోపల ఇనుమంతా తేనె రంగు, నల్ల మడ్డి లేదు.

ఇది ఎరుపు అత్తా అన్నాను. చైన్ తెగి వచ్చిన ఇంజన్ల గిన్నెలన్నిట్లో, ఆయిల్ వేళకి మార్చక, మడ్డి తారులా గడ్డ కట్టి ఉండేదట, గరిటెతో గీకేదట. గిన్నె శుభ్రంగా ఉన్నదాంట్లో చైన్ తెగి రావడం చూశానా అని కాసేపు ఆలోచించి, ఒక్కసారి చూశాను అంది. ఆ ఒక్కసారి సంగతి చెప్పకుండా ఉండొచ్చు. చెప్పింది. తోలేది నువ్వు, నువ్వే తేల్చుకో అంది.

కాగితాలు అడిగాను. ఆయన ఒక ఫైలు ఇచ్చారు. పదకొండేళ్ల బిల్లులు. తేదీలు, కిలోమీటర్లు ఒక్కొక్కటీ కలిపి చూశాను. ఆయిల్ మార్పు ఒక్కటీ తప్పలేదు. అత్త నా పక్కనే నిలబడి, నా వేలు ఏ వరస మీద ఉంటే అటే చూస్తోంది. నేను ఆయిల్ చుక్కని చూసినట్టే.

కొంటానన్నాను.

ఏప్రిల్ 1

కాగితాలు చూపించాను. తీసుకున్నారు.

ఏప్రిల్ 8, బుధవారం

ఇప్పటికి యాభై నాలుగు ఇళ్లు. ఒక్కటీ తప్పలేదు. ఏడో ఇంటావిడ ఇవాళ గుమ్మం దాకా నడిచింది.

ఏప్రిల్ 12, ఆదివారం

అత్త నన్ను కారు స్టార్ట్ చేసి, ఆపకుండా బోనెట్ తియ్యమంది. ఇన్నేళ్లలో ముక్కలుగా తప్ప ఇంజన్‌ని చూడలేదట. చాలాసేపు నిలబడింది. తర్వాత మూసెయ్యమంది. ఎందుకంటే, పని చేసుకుంటోంది కదే, అలా గుడ్లప్పగించి చూడకూడదంది.